అంబాసిడర్ ఇంజిన్‌కి పాత స్టాకా, కొత్త తయారీయా, ఇంగ్లండ్ పార్టా: ఏది మేలు?

మా ఇంట్లో 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఉంది. నాన్నగారు కొన్నది. రెండేళ్ల కిందట సైలెన్సర్ నుంచి నీలం పొగ రావడం మొదలైతే విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ దించాం. ఆ తర్వాత పార్టుల కోసం చాలా తిరిగాను. అదే దారిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు కొలతలు. ఏ దారిలో కొనాలన్నది ఆ తర్వాత సంగతి. "అంబాసిడర్ బేరింగులు ఉన్నాయా?" అని అడిగితే కొట్టువాడు ఏదో ఒకటి ఇస్తాడు. మా మేస్త్రి గారు పాత బేరింగ్ షెల్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్‌ను మోసే సగం గుండ్రటి రేకు) ఊడదీసి, వెనకవైపు కిరోసిన్ గుడ్డతో తుడిచి, "చూడండి బాబూ" అని చేతికిచ్చారు. '020' అని ముద్ర వేసి ఉంది. అంటే మా క్రాంక్ ఇదివరకే ఒకసారి గ్రైండింగ్ అయి, అంగుళంలో ఇరవై వెయ్యో వంతులు, అంటే సుమారు అర మిల్లీమీటరు సన్నబడింది. అది చూడకుండా స్టాండర్డ్ షెల్స్ వేసి ఉంటే ఆయిల్ ప్రెషర్ నిలిచేదే కాదు. పిస్టన్ నెత్తి మీద కూడా ఇలాగే సైజు ఉంటుంది. మసి గీకి చూసుకోండి.

ఇక దారులు. ఈ 1489 సీసీ ఇంజిన్ మనవాళ్లు కొత్తగా గీసింది కాదు. బ్రిటన్‌లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో, ఆస్టిన్ కేంబ్రిడ్జ్‌లో, ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఇదే కుటుంబం. అందుకే చాలామంది ముందు ఇంగ్లండ్ వైపు చూస్తారు. నేనూ చూశాను. అక్కడ తేలిగ్గా దొరికేవి ఎంజీఏ తర్వాత వచ్చిన ఎంజీబీ కారు పార్టులు, ఎందుకంటే ఆ కార్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. కానీ ఎంజీబీ ఇంజిన్ 1798 సీసీ. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, రెండింటికీ 88.9 మిల్లీమీటర్లే. బోర్, అంటే సిలిండర్ వెడల్పు, మాత్రం మనది 73 మిల్లీమీటర్లయితే దానిది 80 పైచిలుకు. మన క్రాంక్ మూడు బేరింగుల మీద తిరుగుతుంది, 1964 చివరి నుంచి వచ్చిన ఎంజీబీలకు ఐదు. కాబట్టి "బి-సిరీస్‌కి సరిపోతుంది" అన్న మాట నమ్మి పిస్టన్, క్రాంక్ తెప్పించుకోకండి. ఎంజీఏ 1500 పిస్టన్ కొలతకు సరిపోయినా దాని కంప్రెషన్ (సిలిండర్‌లో పెట్రోల్-గాలిని నొక్కే నిష్పత్తి) ఎక్కువ. పైగా రవాణా ఖర్చు, కస్టమ్స్ డ్యూటీ. బర్మింగ్‌హామ్‌లో చుట్టం ఉండి సూట్‌కేసులో తెచ్చిపెడితే చిన్నా చితకా వాటికి ఫరవాలేదు. అంతకు మించి నేను సిఫారసు చేయను.

పాత స్టాక్ అంటే అప్పట్లో కంపెనీ నుంచి వచ్చి, ప్యాకెట్ విప్పకుండా కొట్లలో ఉండిపోయిన సరుకు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతకొచ్చు. ఓపికుంటే కోల్‌కతా మల్లిక్ బజార్ దాకా వెళ్లొచ్చు. కారు పుట్టిన ఉత్తర్‌పారా ఆ ఊరి పక్కనే. రాకర్ షాఫ్ట్, క్యామ్ షాఫ్ట్, టైమింగ్ పళ్లచక్రాల్లాంటి ఇనుప సామాను దొరికితే కళ్లకద్దుకుని కొనండి. నేనైతే వాటికి దీన్ని మించిన దారి లేదంటాను.

రబ్బరు సంగతి అలా కాదు. సీలు విప్పని ప్యాకెట్ కదా అని ఒక కొట్లో పెట్రోల్ పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) కొని ఎంతో సంబరపడ్డాను. మూడు నెలలకే గ్యారేజీ అంతా పెట్రోల్ వాసన. విప్పి వేలితో వంచితే అంచు పొడవునా సన్నటి పగుళ్లు. రబ్బరు ప్యాకెట్‌లో ఉన్నా ముసలిదవుతుంది. దానికి తోడు ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. ఆ కాలపు రబ్బరును ఇథనాల్ కోసం చేయలేదు. డయాఫ్రమ్, గొట్టాలు, ఆయిల్ సీళ్లు, గ్యాస్కెట్లు ఎప్పుడూ కొత్తవే, అదీ ఇథనాల్‌కు తట్టుకునేవే తీసుకోండి.

పిస్టన్లు, రింగులు, బేరింగులకు నా ఓటు మన దేశపు కొత్త తయారీకే. చెన్నైలో ఇండియా పిస్టన్స్, కోయంబత్తూరులో బైమెటల్ బేరింగ్స్ ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాయి. ఇగ్నిషన్‌లోని ప్లాటినం పాయింట్లకు, కండెన్సర్‌కు లూకాస్ టీవీఎస్ సరుకు అడగండి. భయమల్లా నకిలీలతోనే. పేరున్న డబ్బాలో ఊరూ పేరూ లేని పిస్టన్లు పెట్టి అమ్ముతారు. నాకు అంటగట్టిన మొదటి సెట్‌ను తెలిసిన బంగారు కొట్లో కాటా మీద పెట్టి తూచాను. మూడు దాదాపు ఒకే బరువు తూగాయి, నాలుగోది మాత్రం బాగా ఎక్కువ. అలాంటిది వేస్తే ఇంజిన్ వణుకుతుంది. అదే రోజు వెనక్కి ఇచ్చేశాను.

బోల్టుల దగ్గర ఇంకో చిన్న ప్రమాదం ఉంది. ఈ ఇంజిన్‌వి అంగుళాల మరలు. 5/16 బోల్టు 7.94 మిల్లీమీటర్లు, ఇప్పటి ఎం8 బోల్టు 8. చేత్తో చూస్తే తేడా తెలియదు. మర మాత్రం వేరు. రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. స్పానర్ వేసి బలవంతం చేస్తే బ్లాకులోని మర చితికిపోతుంది. పాత బోల్టులను పారేయకండి, తుక్కు ఇంజిన్ల నుంచి కూడా ఏరి డబ్బాలో దాచుకోండి.

ఇదంతా టెన్షన్, తర్వాతి అంబాసిడర్లలో వచ్చిన ఇసుజు 1800 ఇంజిన్ ఎక్కించేస్తే సరిపోతుందనే వాళ్లున్నారు. రోజూ నడిపే కారైతే, ఆర్టీఓ అనుమతి తీసుకుని చేయండి. 50 ఏళ్లు దాటిన కారైతే మాత్రం వద్దు. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం ఇంజిన్ సహా కారు అసలు రూపంలోనే ఉండాలి.

మా ఇంజిన్‌కు చివరికి క్రాంక్ గ్రైండింగ్ చేయించి 030 షెల్స్, సిలిండర్లను ఆ మేరకు పెద్దవిగా బోర్ చేయించి 030 పిస్టన్లు వేశాం. రెండూ కొత్తవే. రాకర్ షాఫ్ట్ పాత స్టాక్‌ది. వాల్వు సీట్లు అరగకుండా కాపాడే సీసం కలిపిన పెట్రోల్ 2000 నుంచి లేదు కాబట్టి హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు దిగ్గొట్టించాం. నీలం పొగ పోయింది. ఇక మా బ్లాకుకు మిగిలింది 040 సైజు ఒక్కటే, ఆ తర్వాత స్లీవులే (సిలిండర్‌లో దించే కొత్త గొట్టాలు). అందుకే ఒక 040 పిస్టన్ సెట్ కొని, తూచి, నూనె రాసి, గుడ్డ చుట్టి ఇప్పుడే బీరువాలో పెట్టాను.