తొమ్మిదేళ్లుగా ఫిజీ సాఫ్ట్‌వేర్‌లో టెమ్ ఫొటోలు కొలుస్తూ

పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో బంగారు నానోకణాల టెమ్ (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలు చేతికొచ్చినప్పుడు, వీటిని కొలవడం ఎలా అక్కా అని ల్యాబ్‌లో సీనియర్‌ని అడిగాను. ఆవిడ పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ కాపీ చేసి ఇచ్చింది. ఇన్‌స్టాల్ చేసే పని లేదు, ఫోల్డర్ తెరిచి డబుల్ క్లిక్ చేస్తే చాలు. అదే ఫిజీ, ఫొటోల్లో కొలతలు తీసే సాఫ్ట్‌వేర్. తొమ్మిదేళ్లయింది, ఇప్పటికీ నా రోజు దానితోనే మొదలవుతుంది.

దీని మూలం ఇమేజ్‌జే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో వేన్ రాస్‌బ్యాండ్ 1987లో మాక్ కంప్యూటర్ల కోసం ఎన్‌ఐహెచ్ ఇమేజ్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. 1997లో జావా భాషలో రాసిన ఇమేజ్‌జే వచ్చాక విండోస్, లినక్స్‌లలో కూడా నడిచింది. దానికే ప్లగిన్‌లన్నీ (అదనపు పనిముట్లు) చేర్చి సర్ది ఇచ్చినది ఫిజీ. పైసా కట్టక్కర్లేదు, లైసెన్స్ గడువు తీరిపోతుందన్న టెన్షన్ లేదు. ఫెలోషిప్ నెలల తరబడి రాని రోజుల్లో, హాస్టల్ గదిలో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద థీసిస్ బొమ్మలు సగం చేసుకున్నాను. ఆ మేలు మరిచిపోలేను.

కొలత అంతా స్కేల్ మీదే, అంటే ఒక నానోమీటర్‌కి ఎన్ని పిక్సెళ్లన్న లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. మైక్రోస్కోప్ కెమెరా సేవ్ చేసిన డీఎం3 ఫైల్ అయితే ఫిజీ దాన్ని నేరుగా తెరిచి, మైక్రోస్కోప్ రాసిన స్కేల్‌ని తనే తీసుకుంటుంది. స్కేల్ బార్ (పొడవు చూపే గీత) అచ్చయిన టిఫ్ ఫొటో మాత్రమే ఇస్తే, ఆ బార్ మీద గీత గీసి, సెట్ స్కేల్‌లో దాని పొడవు మనమే చెప్పాలి. ఆ డైలాగ్‌లో అడుగున 'గ్లోబల్' అని చిన్న టిక్ ఉంటుంది, అది పెడితే అదే స్కేల్ ఫొటోలన్నిటికీ పడుతుంది. రెండో ఏడాదిలో నన్ను ముంచింది అదే. 100 నానోమీటర్ల బార్ 400 పిక్సెళ్లు వచ్చింది, టిక్ పెట్టి మిగతా ఫొటోలన్నీ వరసగా కొలిచేశాను. వాటిలో కొన్ని రెట్టింపు మాగ్నిఫికేషన్‌లో తీసినవి, అక్కడ 400 పిక్సెళ్లంటే 50 నానోమీటర్లే. దాంతో 12 నానోమీటర్ల కణాలు 24గా లెక్కకొచ్చాయి. ఆ టిఫ్‌లలో సొంత స్కేల్ లేదు కాబట్టి ఫిజీ హెచ్చరించలేదు. హిస్టోగ్రామ్‌లో (ఏ సైజు కణాలు ఎన్ని అని చూపే గ్రాఫ్) రెండు శిఖరాలు చూసి, రెండు సైజుల కణాలు తయారయ్యాయని వారం రోజులు సంబరపడ్డాను. గైడ్ గారు ఒక్క ఫొటో తెరిచి, బార్ పక్కన కణాన్ని పెట్టి చూపించారు. మూడు రాత్రులు కూర్చుని అన్నీ మళ్లీ కొలిచాను. అప్పటినుంచి ప్రతి ఫొటోకీ ముందు స్కేల్ బార్‌నే కొలిచి చూసుకుంటాను.

కణాల లెక్కకు అనలైజ్ పార్టికల్స్ అనే మెనూ చాలా బాగుంది. కానీ దానికి ముందు థ్రెషోల్డ్, అంటే కణాన్నీ నేపథ్యాన్నీ వేరు చేసే నలుపు-తెలుపు హద్దు, సరిగ్గా కుదరాలి. కణాల కింద ఉండే పల్చటి కార్బన్ ఫిల్మ్ ఒక మూల నల్లగా, ఒక మూల తెల్లగా ఉంటే ముందు సబ్‌ట్రాక్ట్ బ్యాక్‌గ్రౌండ్ వాడండి. అందులో లైట్ బ్యాక్‌గ్రౌండ్ టిక్ మరవద్దు, రోలింగ్ బాల్ అనే చోట ఇచ్చే వ్యాసార్థం అన్నిటికన్నా పెద్ద కణం వ్యాసార్థం కన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే కణం నడుమే తినేస్తుంది. అంటుకున్న గుండ్రటి కణాలను వాటర్‌షెడ్ అనే మెనూ చక్కగా విడదీస్తుంది. పుల్లల్లా పొడుగ్గా ఉండే నానోరాడ్‌ల మీద మాత్రం వాడకండి, ఒక్క రాడ్‌నే ముక్కలు చేస్తుంది. అవి నేను ఇప్పటికీ చేత్తోనే గీస్తాను. 200 రాడ్‌లకు ఒక పూట పడుతుంది, పడనివ్వండి.

నాకు బాగా ఇష్టమైనది ఎఫ్ఎఫ్‌టీ, ఫొటోలో మళ్లీ మళ్లీ వచ్చే వరసలను చుక్కలుగా చూపే గణితం. పరమాణువుల వరసలు కనిపించే ఫొటోలో 512 పిక్సెళ్ల చతురస్రం ఎంచుకుని ఎఫ్ఎఫ్‌టీ కొడితే చుక్కలు మెరుస్తాయి. స్కేల్ సరిగ్గా పెట్టి ఉంటే, కర్సర్ చుక్క మీద పెట్టగానే కింద పట్టీలో దూరం నానోమీటర్లలో వస్తుంది. మొదటిసారి 0.235 దగ్గర చూసి, బంగారం స్ఫటికంలో (111) అనే పరమాణు తలాల మధ్య దూరం ఇదే కదా అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

లోపాలు ఉన్నాయి. అండూ ఒక్క అడుగే వెనక్కి వెళ్తుంది, అందుకే అసలు ఫైల్ ముట్టుకోకుండా డూప్లికేట్ మీదే పని చేయాలి. బ్రైట్‌నెస్ డబ్బాలో అప్లై నొక్కితే పిక్సెల్ విలువలే మారిపోతాయి, కొలిచే ఫొటో మీద అది నొక్కనేకూడదు. జేపెగ్‌లో సేవ్ చేసి కొలవడమూ అంతే. క్రయో-ఈఎంలో (గడ్డకట్టించిన నమూనాల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ) ప్రోటీన్ల త్రీడీ నిర్మాణం కావాలంటే ఇది చాలదు, దానికి రెలియాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితమే.

మ్యాక్రో రికార్డర్‌ని తొలి నెలలోనే నేర్చుకోండి. మీరు నొక్కిన ప్రతి మెనూ అందులో ఒక్కో లైనుగా పడుతుంది, దాన్నే తర్వాత ఫోల్డర్ మొత్తానికి నడపొచ్చు. నేను ఐదేళ్ల ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇప్పుడు ల్యాబ్‌లోకి వచ్చే పిల్లలకు ఫిజీ ఫోల్డర్‌తో పాటు నా మ్యాక్రో కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తున్నాను. దాని మొదటి లైను పాత గ్లోబల్ స్కేల్‌ని తీసేస్తుంది.