ఈజీఆర్ వాల్వు: కడగడమా, మార్చడమా?

పికప్ ట్రక్కులో చెక్ ఇంజన్ లైటు వెలిగి, స్కానర్‌లో పి0401 కోడ్ కనిపించగానే కొత్త ఈజీఆర్ వాల్వు (ఎగ్జాస్ట్ వాయువులో కొంత భాగాన్ని ఇంజన్‌లోకి తిరిగి పంపేది) కొనడం తొందరపాటే. ఎగ్జాస్ట్ వాయువు తగినంతగా ఇంజన్‌లోకి తిరిగి రావడం లేదనే ఆ కోడ్ చెబుతుంది తప్ప, వాల్వు చెడిపోయిందని కాదు.

బ్యాక్‌ప్రెషర్ రకం (తెరుచుకోవడానికి ఎగ్జాస్ట్ ఒత్తిడి కూడా కావాల్సినది) కాని వ్యాక్యూమ్ వాల్వయితే, అంటే గాలిని లాగేస్తే తెరుచుకునేదయితే, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా చేతిపంపుతో వ్యాక్యూమ్ ఇచ్చి చూడాలి. వాల్వు తెరుచుకుని వాయువు లోపలికి వస్తే ఇంజన్ తడబడాలి. పంపు మీటరు ముల్లు నిలిచి, ఇంజన్ మాత్రం తడబడకుండా నడుస్తుంటే డయాఫ్రమ్ (వాల్వును తెరిచే పలుచని పొర) బాగుందనీ, వాల్వు మసితో బిగుసుకుపోయిందనీ లేదా వాయువు వెళ్లే దారులు పూడుకుపోయాయనీ అనుకోవచ్చు. అప్పుడు క్లీనర్‌తో కడిగి, నల్లగా గట్టిపడిన పొరను గీకి తీసి, కొత్త గాస్కెట్‌తో బిగించడమే నా దృష్టిలో సరైన పని.

ముల్లు జారిపోతే డయాఫ్రమ్ చిరిగినట్టే, మార్చక తప్పదు. అయితే పూడుకుపోయిన దారులు శుభ్రం చేయకుండా బిగించిన కొత్త వాల్వుతోనూ అదే కోడ్ తిరిగి రావచ్చు.