10 అంగుళాల స్లైడింగ్ మైటర్ సా: ఆరేళ్లు వాడాక

మైటర్ సా అంటే చెక్కని అడ్డంగా గానీ కావాల్సిన కోణంలో గానీ కోసే కరెంటు రంపం. ఈ మెషీన్ కొని ఆరేళ్లు దాటింది. కొన్న నెలలోనే రాసుంటే ఇది పొగడ్తల దండకంలా ఉండేది, ఎందుకంటే మొదట్లో ఏ మెషీనైనా బాగానే కోస్తుంది; బ్లేడు కొత్త, బేరింగులు కొత్త, మన మోజూ కొత్త. ఇప్పటికి మూడు బ్లేడులు మొండిబారాయి, మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు ఒకసారి మార్చాను, మోజు ఎప్పుడో తీరిపోయింది, కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పగలను.

నాది 10 అంగుళాల బ్లేడు, మోటారూ బ్లేడూ ఉండే తల రెండు పక్కలకీ వాలుతుంది, రెండు స్టీలు రాడ్ల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే తిప్పలు ఈ తరహా మెషీన్లలో చాలావాటికి ఉన్నవే, పేరు రాస్తే మిగతాదంతా వదిలేసి దాన్నే పట్టుకుంటారు.

స్లైడింగే కావాలని ఎందుకు పట్టుబట్టానంటే, మామూలు 10 అంగుళాల మైటర్ సా అడ్డకోతలో సుమారు 140 మిల్లీమీటర్ల వెడల్పు దాటదు, అదే స్లైడ్ ఉంటే 300 వరకు పోతుంది. పుస్తకాల అర పలక, మెట్టు పలక, అన్నీ ఒకే ఊపులో తెగుతాయి. ఆ 300 అనే అంకె చూసి పడిపోయాను. తర్వాత ఒకసారి సరదాకి నెల రోజులపాటు గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టాను, స్లైడ్ వాడిన కోత ఒక పక్క, వాడనిది ఇంకో పక్క. నెలాఖరుకి చూస్తే పదిట్లో ఎనిమిది కోతలకు తలను కిందికి నొక్కి పైకెత్తడమే సరిపోయింది. బీడింగులు, ఫ్రేములు, స్టూలు కాళ్లు, బద్దలు, ఇంట్లో చేసుకునే పని ఎక్కువగా ఇదే కదా. అలాగని మిగతా రెండు కోతలు తక్కువవేం కాదు. ఆ రెండింటికే ఒకప్పుడు చేతి రంపంతో అరగంట కుస్తీ పట్టి, వంకర వచ్చిన అంచుని మళ్లీ చిత్రిక పట్టి చక్కబెట్టేవాడిని.

కొనేముందు నాకెవరూ చెప్పనిది చోటు గురించి. నా బల్ల లోతు 600 మిల్లీమీటర్లు, గోడకి ఆనించి ఉండేది. మెషీన్ కింది భాగం దాని మీద హాయిగా కూర్చుంది, నాలుగు బోల్టులూ బిగించేశాను. తలను వెనక్కి తోశాను, ఠక్కున రాడ్లు గోడకి తగిలాయి. వెనక పొడుచుకొచ్చే రాడ్లు, వాటికి తోడు దుమ్ము సంచి, ముందు హ్యాండిల్, అన్నీ కలిపి గోడ నుంచి దాదాపు మీటరు కావాలి. బోల్టులు విప్పకుండా బల్లనే గోడ నుంచి జానెడున్నర ఇవతలికి లాగాను, ఆ సందులో ఈ ఆరేళ్లలో ఎన్ని స్క్రూలు, ఎన్ని పెన్సిళ్లు పడ్డాయో లెక్కలేదు. రాడ్లు కదలకుండా తల మాత్రమే వాటి మీద జరిగే డిజైన్లు ఉన్నాయి, బాష్‌వాళ్లు రాడ్లకు బదులు మోచేతిలా మడుచుకునే చేతులు పెట్టిన మోడళ్లు కూడా చేస్తారు, అలాంటివి గోడకి బాగా దగ్గరగా పెట్టుకోవచ్చు. మీ షెడ్డు ఇరుకైతే మోటారు వాట్ల కంటే ముందు ఇది చూడండి.

రెండోది ప్లే, అంటే తల పక్కలకి వదులుగా ఊగడం. కొనే దగ్గర ప్లగ్ పీకించి, తలను పూర్తిగా ముందుకి లాగి, సగం దాకా దించి, హ్యాండిల్‌ని రెండు వేళ్లతో కుడి ఎడమలకి నెట్టి చూడండి. అన్ని మెషీన్లూ కాస్తో కూస్తో కదులుతాయి, కానీ కొన్ని మాత్రం పాత తలుపులా ఊగుతాయి. అలాంటిదాన్ని అక్కడే వదిలేసి రండి, కేటలాగులో ఎన్ని వాట్లు రాసున్నా సరే. తల లోపలికి ఉన్నప్పుడు అంతా బిగువుగానే ఉంటుంది, ఆ ఊగేది చేయి చాచినప్పుడే, అంటే సరిగ్గా మనం వెడల్పు పలక కోసేటప్పుడే. కోణంలో 0.1 డిగ్రీ తేడా వచ్చినా 300 మిల్లీమీటర్ల మీద అర మిల్లీమీటరు పక్కకి పోతుంది. నా మెషీన్‌కి మూడో ఏడు ప్లే మొదలైంది, రాడ్ల పక్కన ఉండే చిన్న సర్దుబాటు స్క్రూలు పావు చుట్టు బిగిస్తే తగ్గింది. ఎక్కువ బిగిస్తే తల జరగడమే మానేస్తుంది, కాబట్టి కొద్దికొద్దిగా తిప్పి చూసుకోవాలి.

ఇప్పుడు ఫెన్స్ కథ, అంటే కోసేటప్పుడు చెక్కని వెనక ఆనించే నిలువు పట్టీ. నేను చేసిన మొదటి ఫోటో ఫ్రేములో మూడు మూలలు ముద్దొచ్చేలా కలిశాయి, నాలుగోది నోరు తెరిచింది. స్కేలు మీద ముల్లు సరిగ్గా 45 మీదే ఉంది, గాడిలో క్లిక్‌మని పడింది కూడా, ఇంకెక్కడ తేడా అని తల పట్టుకున్నాను. ఫ్రేముకి ఎనిమిది కోతలు. ఒక్కోదానిలో పావు డిగ్రీ తేడా ఉన్నా ఎనిమిదీ కలిసి 2 డిగ్రీలు, మొదటి మూడు మూలల్నీ నొక్కి అతికిస్తాం కాబట్టి ఆ రెండు డిగ్రీలూ వచ్చి చివరి మూలలోనే కూర్చుంటాయి. మూలమట్టం తెచ్చి ఒక అంచు ఫెన్స్‌కీ ఇంకో అంచు బ్లేడుకీ ఆనించి చూస్తే, బ్లేడు చివర సన్నగా వెలుతురు కనబడింది. ఇక్కడో తప్పు నేనూ చేశాను: మూలమట్టాన్ని పన్ను మీద ఆనించకూడదు, పళ్లు బ్లేడు రేకు కంటే కొంచెం బయటికి ఉంటాయి, కాబట్టి రెండు పళ్ల మధ్య సందులో రేకుకే ఆనాలి. ఫెన్స్ బోల్టులు వదులు చేసి, సరిచేసి, ఒక్కోటి కొంచెం కొంచెంగా బిగించాను. ఒకటే గట్టిగా బిగిస్తే మళ్లీ తిరిగిపోతుంది.

అది అయ్యాక కూడా నమ్మకం లేక ఒక వెడల్పాటి పలకని కోసి, ఒక ముక్కని బోర్లించి, రెండు కోసిన అంచుల్నీ ఎదురెదురుగా పెట్టి చూశాను. మెషీన్‌లో ఎంత తేడా ఉంటే సందులో దానికి రెట్టింపు కనబడుతుంది, అందుకే ఏ కొలత పరికరం కంటే ఇదే నాకు నమ్మకం. ఇప్పటికీ మూడు నాలుగు నెలలకోసారి చేస్తాను, మెషీన్‌ని కదిపిన ప్రతిసారీ తప్పకుండా చేస్తాను. 26 కిలోల బరువు కాబట్టి కదపడం కూడా తక్కువే.

బ్లేడు విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను, మెషీన్‌తో వచ్చిన బ్లేడు నిర్మాణ పనికి సరిపోతుంది, కుర్చీకీ ఫ్రేముకీ కాదు. 10 అంగుళాలకి 60 లేదా 80 పళ్లది వేసుకుంటే అంచు గరుకు కాగితం అవసరం లేనంత నున్నగా వస్తుంది. నాకు తెలియక మొదట టేబుల్ సా (బల్లలోంచి బ్లేడు పైకి వచ్చే రంపం) బ్లేడు వేశాను, దాని పళ్లు ముందుకి బాగా వాలి ఉంటాయి, 15 నుంచి 20 డిగ్రీలు. స్లైడింగ్‌లో అలాంటి పన్ను చెక్కని పట్టుకుని పాకుతుంది. సున్నా దగ్గర గానీ మైనస్ 5 డిగ్రీలు గానీ ఉన్నది తీసుకోవాలి. బ్లేడు మార్చేటప్పుడు ఇంకో సంగతి, దాని బోల్టుకి చాలా మెషీన్లలో ఎడమ మర ఉంటుంది, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. అది తెలియక పావుగంట సేపు ఊడదీస్తున్నాననుకుంటూ బిగించాను.

ప్లైవుడ్ కోస్తే కింది వైపు పెచ్చులు లేచేవి. కింద బ్లేడు దిగే గాడి వెడల్పుగా ఉండటమే కారణం, చెక్క నారకి కింద ఆనేదేమీ ఉండదు. పలచటి ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) ముక్కని కింద, ఇంకోటి ఫెన్స్‌కి వేసి ఒకసారి దాని మీదే కోత పెట్టాను, ఇప్పుడు గాడి బ్లేడంతే ఉంది. ఇంకో లాభం, ఎక్కడ తెగుతుందో ఆ గాడి చూస్తేనే తెలిసిపోతుంది. మెషీన్‌కి లేజర్ కూడా ఉంది, మొదటి ఏడాదే పక్కకి జరిగింది, మళ్లీ ముట్టుకోలేదు. ఎల్ఈడీ నీడ పడే రకం మెషీన్లు చూశాను, బ్లేడు నీడే గీతలా పడుతుంది కాబట్టి అందులో జరగడానికి ఏమీ లేదు. ఇవాళ కొంటే అదే అడుగుతాను.

భయం గురించి కూడా రాయాలి. మొదటి రోజుల్లో తలను దించి నా వైపు లాగుతూ కోసేవాడిని, చూడటానికి అదే సహజం అనిపిస్తుంది. ఒకరోజు గట్టి చెక్క మీద అలా లాగుతుంటే బ్లేడు ఒక్కసారిగా పైకెక్కి నా మీదికి దూకినట్టు వచ్చింది. చేయి హ్యాండిల్ మీదే ఉంది కాబట్టి బతికిపోయాను, గుండె మాత్రం చాలాసేపు దడదడలాడింది. సరైన పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది: మోటారు ఆన్ చేయకముందే తలను పూర్తిగా మన వైపు లాగాలి, ఆన్ చేసి, బ్లేడు పూర్తి వేగం అందుకున్నాక దించి, వెనక్కి తోస్తూ కోయాలి. కోత అయ్యాక బ్లేడు ఆగేదాకా తలను పైకెత్తకూడదు. నా దాని ప్లేటు మీద నిమిషానికి 4800 చుట్లు అని ఉంది, 254 మిల్లీమీటర్ల బ్లేడుకి లెక్కగడితే పన్ను వేగం గంటకి సుమారు 230 కిలోమీటర్లు. తిరుగుతున్న బ్లేడుని ఎత్తితే పక్కనున్న చిన్న ముక్క ఆ వేగంతో ఎటు పోతుందో చెప్పలేం, నాది ఒకటి వెళ్లి ట్యూబ్‌లైట్ పగలగొట్టింది. జానెడు కంటే చిన్న ముక్కని చేత్తో పట్టుకుని కోయడం నేను పూర్తిగా మానేశాను, క్లాంపు వేయడం కుదరకపోతే చేతి రంపమే. వంగిన పలకైతే ఉబ్బెత్తు వైపు ఫెన్స్‌కి ఆనాలి, లేకపోతే తెగుతుండగా రెండు ముక్కలూ కలిసి బ్లేడుని నొక్కేస్తాయి.

దుమ్ములో ఈ మెషీన్‌కి సాటి లేదు. వెనక తగిలించిన సంచిలోకి పోయేది సగమే అనుకోండి, మిగతాది గోడ మీద, బల్ల కింద, మన ముక్కులో. చెక్కదుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగించగలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది, కాబట్టి తర్వాత ఊడ్చుకోవచ్చులే అనుకుని ఊరుకునే విషయం కాదు. సంచి పీకేసి వాక్యూమ్ గొట్టం పెట్టాను, మెషీన్ వెనక మూడు వైపులా ప్లైవుడ్‌తో గూడులా కట్టాను, చాలా తగ్గింది. మాస్కు మాత్రం ఇప్పటికీ పెడతాను. దుమ్ము వల్ల ఒక విచిత్రమైన ఇబ్బంది కూడా ఉంది: ఒకే కొలతకి ఇరవై ముక్కలు కావాలని చివర అడ్డుకట్ట ముక్క బిగిస్తే, చెక్కకీ అడ్డుకట్టకీ మధ్య పొట్టు చేరి పదో ముక్క నుంచి అర మిల్లీమీటరు పొట్టిగా రావడం మొదలైంది. అడ్డుకట్ట కింది మూలని ఉలితో కాస్త చెక్కేస్తే పొట్టు అందులోకి దూరుతుంది, సమస్య తీరింది.

గాడులు కోయడానికి లోతు ఆపే స్క్రూ ఉంది, పనికొస్తుంది, కానీ బ్లేడు గుండ్రం కాబట్టి ఫెన్స్ దగ్గర గాడి పూర్తి లోతుకి రాదు, ఫెన్స్‌కీ పలకకీ మధ్య వెడల్పాటి చెక్క ఒకటి పెట్టుకోవాలి. ఐదో ఏడు బ్లేడు ఆగడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతోందనిపించింది, మోటారు దగ్గర నిప్పురవ్వలు కూడా. బ్రష్‌లు అరిగాయి, అంతే. మార్చడం పది నిమిషాల పని.

మొన్న మా తమ్ముడు ఏది కొనమంటావని అడిగాడు. వాడు చేసేవి ఫోటో ఫ్రేములు, కిటికీ బీడింగులు. స్లైడ్ లేని చిన్నది తీసుకోరా, తేలిక, ప్లే ఉండదు, గోడ పక్కనే పడి ఉంటుందని చెప్పాను. సరేనన్నాడు, వెళ్లి 12 అంగుళాల స్లైడింగ్ తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఫ్రేములు పట్టుకుని నా దగ్గరికే వస్తున్నాడు, వాడి గదిలో దాన్ని పెట్టే బల్ల ఇంకా తయారవలేదట.