ఒపినెల్ నంబర్ 8: మన చెమటకి, మన వానకి ఏ రకం తట్టుకుంటుంది?

తీర్పు ముందే చెప్పేస్తే, మిగతాది ఓపికున్నవాళ్లు చదువుకుంటారు. మన ఊళ్లలో రోజూ జేబులో వేసుకు తిరగడానికైతే ఒపినెల్ నంబర్ 8 మడత చాకులో స్టెయిన్‌లెస్ రకం తీసుకోండి. కార్బన్ స్టీలుది ఇంట్లో వాడుకోవడానికీ, సేకరణలో పెట్టుకోవడానికీ బాగుంటుంది. రెండింటికీ పిడి చెక్కదే, ఆ చెక్కకి వానాకాలం పడదు. ఈ ముక్క అమ్మేవాళ్లు సాధారణంగా చెప్పరు.

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల దగ్గరి సవోయ్ ప్రాంతం ఈ చాకు పుట్టిల్లు. 1890లో జోసెఫ్ ఒపినెల్ దీన్ని రైతుల కోసం చేశాడు. 1897 నాటికి 1 నుంచి 12 దాకా సైజులు వచ్చాయి. బ్లేడు మీద కనిపించే కిరీటం పెట్టిన చెయ్యి 1909 నుంచి ఉన్న ముద్ర. ఇప్పటి ఫ్యాక్టరీ షాంబెరీలో ఉంది. చరిత్ర ఇంతవరకు చాలు.

నంబర్ 8 బ్లేడు 8.5 సెం.మీ., పిడి దాదాపు 11 సెం.మీ. బరువు 50 గ్రాముల లోపే, జేబులో ఉన్నట్టే తెలియదు. మొత్తం భాగాలు ఐదు: బ్లేడు, చెక్క పిడి, బ్లేడు తిరిగే రివెట్, పిడి మెడకి బిగించిన లోహపు కట్టు, దాని మీద తిరిగే రింగు. రోకలికి పొన్ను ఏ పని చేస్తుందో ఆ కట్టు ఇక్కడ అదే చేస్తుంది, చెక్క చీలకుండా పట్టి ఉంచుతుంది. తిరిగే రింగు పేరు విరోబ్లాక్, 1955లో వచ్చింది. తెరిచాక రింగు తిప్పితే బ్లేడు వేళ్ల మీదికి మూసుకోదు. 2000 నుంచి వచ్చినవాటిలో మూసిన స్థితిలో కూడా తాళం పడుతుంది కాబట్టి జేబులో తెరుచుకుంటుందన్న భయం లేదు. స్ప్రింగు లేదు, స్క్రూ లేదు. దీని గొప్పా, దీని తంటా రెండూ అక్కడే ఉన్నాయి.

కోతలో మాత్రం ఈ ధరకి దీన్ని మించింది దొరకడం కష్టం. బ్లేడు 2 మి.మీ. కన్నా పలుచన, పక్కలు కొద్దిగా ఉబ్బెత్తుగా వచ్చి అంచు దగ్గర సన్నబడతాయి. జామకాయ, దోసకాయ చీలిపోకుండా తెగుతాయి, టమాటా తొక్క మీద జారదు. పార్సిల్ అట్టపెట్టెలు, కొబ్బరి తాడు, అంటు కట్టే కొమ్మలు, అన్నీ సులువే. డబ్బా మూత లేపడానికి మాత్రం వాడొద్దు. మొన పలుచన కాబట్టి విరుగుతుంది, మెలితిప్పితే రివెట్ దగ్గర చెక్క వదులై బ్లేడు పక్కలకి ఊగడం మొదలవుతుంది. ఆ వదులు మళ్లీ సరిచేయడం కష్టం.

ఇక స్టీలు. స్టెయిన్‌లెస్ రకంలో వాడేది 12సి27 తరహా స్వీడన్ స్టీలు: కార్బన్ దాదాపు 0.5–0.6 శాతం, క్రోమియం దాదాపు 14 శాతం. కార్బన్ రకంలో కార్బన్ సుమారు 0.9 శాతం, తుప్పుని ఆపేంత క్రోమియం ఉండదు. కార్బన్‌ది రాయి మీద త్వరగా పదునెక్కుతుందన్న మాట నిజమే. కానీ పచ్చి మామిడికాయ కోసి చూడండి. కాయలోని పులుపు ఇనుముని కరిగిస్తుంది, వగరు ఆ ఇనుముతో కలిసి ముక్క అంచులు నల్లబడతాయి, నాలుక్కి ఇనుము రుచి తగులుతుంది. నిమ్మకాయ, చింతకాయ, ఉల్లిపాయతోనూ ఇంతే. వాడగా వాడగా బ్లేడు మీద బూడిద రంగు పొర కడుతుంది. అది తుప్పుని నెమ్మదింపజేస్తుంది తప్ప ఆపదు. మే నెలలో ప్యాంటు జేబులో చెమట ఉప్పు తగిలితే ఒక్క పూటలో ఎర్ర చుక్కలు లేస్తాయి. స్టెయిన్‌లెస్ కూడా ఉప్పు పట్టిన చోట తుడవకుండా వదిలేస్తే చుక్కలు పడుతుంది, కానీ దానికి చాలా రోజులు పట్టాలి.

అసలు గొడవ చెక్కది. మామూలు రకం పిడి బీచ్ చెక్క. పైన వార్నిష్ ఉంటుంది గానీ బ్లేడు దాగే గాడి లోపల పెద్దగా రక్షణ ఉండదు. తేమ అక్కడినుంచే ఎక్కుతుంది. చెక్క పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. మెడ దగ్గర లోహపు కట్టు బయటికి ఉబ్బనివ్వదు కాబట్టి ఆ ఉబ్బు లోపలికే వచ్చి బ్లేడుని రెండు వైపులా నొక్కేస్తుంది. జూలై, ఆగస్టుల్లో గోటితో తెరవబోతే గోరు విరుగుతుంది తప్ప బ్లేడు కదలదు. బ్లేడుని పట్టుకారుతో లాగొద్దు. దీనికి సవోయ్ వాళ్ల చిట్కా ఒకటుంది: రింగుని తెరిచే స్థితికి తిప్పి, పిడి తోక వైపుని, అంటే బ్లేడు మొన దాగిన వైపుని, బల్ల అంచు మీద గట్టిగా ఒక్కసారి కొట్టాలి. కొట్టిన ఊపుకి మొన కాస్త బయటికి వస్తుంది, అక్కడ పట్టుకుని తెరవొచ్చు. వేళ్లు గాడి వైపు ఉండకూడదు.

కొన్న వారంలోనే ఈ పని చేసేస్తే ఆ చిట్కా అవసరం పెద్దగా రాదు. చాకు తెరిచి, తాళం వేసి, ఎండలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. తర్వాత రివెట్ దగ్గర గాడిలోకి వేజలీన్ కూరి, హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా వేడి చేయాలి. వేజలీన్ కరిగి చెక్కలోకి ఇంకుతుంది. మెడ కిందికి ఉండేలా నిలబెట్టి రాత్రంతా వదిలి, పొద్దున తుడిచి, రెండోసారి చేయాలి. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ కూడా పనికొస్తుంది. వేరుశనగ నూనె వద్దు, కొన్నాళ్లకి జిగురు కట్టి వాసన వేస్తుంది. చాలామంది సిఫార్సు చేసే అవిసె నూనె గట్టిపడి చెక్కని బాగా కాపాడుతుంది, నిజమే. అయితే ఆ నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. విప్పి దండెం మీద ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచాలి.

ఇంత చేశాక కూడా బిగువుంటే సన్నటి స్కేలుకి 180 నంబరు గరుకు కాగితం చుట్టి, గాడి గోడల మీద రాపిడికి మెరుస్తున్న చోట మాత్రమే రుద్దాలి. ఒక్కో వైపు నాలుగైదు సార్లు, తర్వాత తెరిచి మూసి చూడాలి. వానాకాలంలో హాయిగా తెరుచుకునేంత రుద్దితే ఏప్రిల్‌లో బ్లేడు లొడలొడలాడుతుంది. కొంచెం బిగువు ఉంచడమే మేలు. ఇంత శ్రమ ఎవరు పడతారంటారా? అలాంటివాళ్లు అల్యూమినియం పిడి ఉన్న స్విట్జర్లాండ్ చాకు విక్టోరినాక్స్ కొనుక్కోవడం మంచిది, అది ఉబ్బదు.

కడగాల్సి వస్తే బ్లేడు ఒక్కటే తడి గుడ్డతో తుడవాలి. పండ్ల రసం రింగు కిందికి దిగి ఎండితే రింగు తిరగనని మొరాయిస్తుంది, అప్పుడు పాత టూత్‌బ్రష్ చాలు. రింగు వదులైతే తీసి, వేళ్లతో కొద్దిగా నొక్కి మళ్లీ ఎక్కించాలి. తీసేటప్పుడు ఎక్కువ సాగదీస్తే ఇంకా వదులవుతుంది.

సాన పట్టడానికి 1000 నంబరు రాయి, మెరుగు కోసం 3000 ఉంటే సరిపోతుంది. ఒక్కో వైపు 20 డిగ్రీలు. లెక్క సులువు, బ్లేడు వీపు రాయి నుంచి 5–6 మి.మీ. లేవాలి. మొన దగ్గర వంపు ఉంది కాబట్టి అక్కడికొచ్చేసరికి పిడిని కాస్త ఎత్తకపోతే మొన మొద్దుగానే ఉండిపోతుంది. వీధిలో సైకిలు సానవాడికి మాత్రం ఇవ్వకండి. ఆ చక్రం వేడికి పలుచని అంచు నీలంగా మారితే పదును నిలవదు.

చట్టం సంగతి. మన దేశంలో ఆయుధ నిబంధనలు పట్టించుకునేది 9 అంగుళాలకి మించి పొడవు లేదా 2 అంగుళాలకి మించి వెడల్పు ఉన్న బ్లేడుల్ని. నంబర్ 8 దాని దరిదాపుల్లో లేదు. అయినా విమానంలో చేతి సంచిలో తీసుకెళ్లనివ్వరు, లోపల పంపే సామానులో పెట్టాలి. మెట్రో, సినిమా హాలు తనిఖీల దగ్గర వాదించి లాభం లేదు, ఆ రోజు ఇంట్లో వదిలేయండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి ఇంకో జాగ్రత్త: అక్కడ కారణం చెప్పక్కర్లేకుండా వెంట ఉంచుకోగలిగేది తాళం లేని, 3 అంగుళాలు మించని మడత చాకునే. నంబర్ 8కి తాళం ఉంది, పొడవూ ఎక్కువే. 6 సెం.మీ. బ్లేడుతో, రింగు లేకుండా వచ్చే నంబర్ 5 అక్కడ సరైనది.

సేకరించాలనుకునేవాళ్లు రంగురంగుల పిడుల కన్నా సైజుల వరుసతో మొదలుపెడితే బాగుంటుంది: 2 నుంచి 10 దాకా, ఆ పైన 12. నంబర్ 1, 11 తయారీ 1930ల్లోనే ఆగింది. నంబర్ 6కీ, అంతకన్నా పెద్దవాటికీ మాత్రమే రింగు ఉంటుంది. కాబట్టి పాత నంబర్ 8 ఒకటి రింగు లేకుండా దొరికితే, ఎవరూ పీకెయ్యలేదని తేలాక, అది 1955కి ముందుదని అనుకోవచ్చు. ఆలివ్, వాల్‌నట్, ఓక్ పిడులు అందంగా ఉంటాయి, ఉబ్బడం వాటికీ తప్పదు. ఒపినెల్‌తో విసిగినవాళ్లు రేకు మడిచి పిడి చేసిన రెండింటిని చూడొచ్చు: ఫ్రాన్స్‌లోని తియేర్ నుంచి 1929లో వచ్చిన దూక్‌దూక్, జపాన్‌లోని మికి ఊరి హిగోనోకామి. రెంటికీ తాళం లేదు.

దాచేటప్పుడు తోలు ఒరలో పెట్టి మర్చిపోకండి, తోలు తేమని పట్టి ఉంచి కార్బన్ బ్లేడుని తినేస్తుంది. బ్లేడుకి పారాఫిన్ పల్చగా రాసి, మూసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టాలి. వానాకాలంలో నెలకోసారి తీసి చూస్తే చాలు.