నెల్లిమర్ల దారిలోని నర్సరీలో కొన్న గన్నేరు మొక్కలు

విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే దారిలో ఉన్న ఒక నర్సరీలో, ప్రహరీ వెంబడి నాటడానికి గన్నేరు మొక్కలు కొన్నాము. మొక్కల నాణ్యతకు పూర్తి మార్కులు వేయవచ్చు గానీ, వాటితో పాటు చెప్పే సలహాలకు మాత్రం వేయలేను.

కడియం నుంచి లారీలో దిగిన సరుకును వెంటనే అమ్మేయకుండా, కొన్నాళ్లు షేడ్‌నెట్ కింద ఉంచి, ఆపైన ఎండలోకి మార్చి అమ్ముతున్నారు. అడిగిన వెంటనే ఒక మొక్కకు కవరు విప్పి చూపించారు కూడా. వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోకుండా, మట్టిముద్ద అంచుల దాకా తెల్లగా పాకి ఉన్నాయి. తొలకరికి నాటిన ఆ మొక్కలలో ఒక్కటి కూడా చావలేదు.

ఇక నీటి సంగతి. "రోజూ నీళ్లు పోసేయండి మేస్టారూ, ఏటీ అవదు" అన్నారు. వేరు పట్టేవరకు ఆ మాట కొంత నిజమే గానీ, ఆ తరువాత మా ఎర్రనేలలో, ఎండాకాలంలో సైతం వారానికోసారి పాదు నిండా పోస్తే సరిపోతున్నది. గన్నేరు ఆకు మందంగా, మైనం పూసినట్టు ఉండడమే కాక, దాని పత్రరంధ్రాలు ఆకు అడుగున నూగుతో కప్పిన గుంటలలో దాగి ఉంటాయి కనుక వడగాలికి తేమ సులభంగా పోదు. అటువంటి మొక్కకు కుండీలో రోజూ నీళ్లు పోసి నిలవబెడితే ఆకులు పసుపుబారి రాలిపోతాయి. కొమ్మలు కత్తిరించవద్దన్న సలహా కూడా సరికాదు. పూలు కొత్త చిగుళ్ల చివరనే వస్తాయి కాబట్టి, ఒక విడత పూత అయ్యాక మూడోవంతు కత్తిరిస్తేనే పొద గుబురుగా పెరుగుతుంది. చిగుళ్లకు పసుపురంగు పేనుబంక పట్టినప్పుడు గొట్టంతో నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు పోతుంది. దానికోసం వారు అంటగట్టబోయిన పురుగుమందు సీసా అవసరం లేదు.

అన్నిటికంటే నాకు అభ్యంతరమైనది వేరే ఉన్నది. గన్నేరు కవర్లను తులసి, కరివేపాకు మొక్కల పక్కనే పెట్టి, విషమని ఒక్క ముక్క అయినా చెప్పకుండా అమ్ముతున్నారు. గన్నేరు పప్పు పేరు చెబితే మన వైపు అందరూ భయపడతారు. అయితే అది పచ్చగన్నేరు కాయలోని గింజ కావడంతో, ఎర్రగన్నేరుతో ప్రమాదం లేదనుకునేవారు ఉన్నారు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి, రెండూ గుండె మీద పనిచేసే విషాలే. ఎర్రగన్నేరులో ఆకు, పువ్వు, వేరు, కొమ్మ విరిస్తే వచ్చే పాలు, అన్నీ విషమే. ఆకు ఎండినా విషం పోదు. కత్తిరించిన కొమ్మలను పశువుల గాటి దగ్గర పడేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. పసిపిల్లలున్న ఇంటివారు కొనేముందు ఆలోచించుకోవలసిన మాట ఇది, కనీసం ఒక అట్టముక్క మీద రాసి పెట్టడానికి ఖర్చేమీ కాదు.

ధర ఒంటిరేకు గులాబి రకానికి 60 రూపాయలు, ముద్ద గులాబికి అంతకు రెట్టింపు. ముద్దపూలు వాడిన తరువాత కూడా రాలక, గోధుమరంగు గుత్తులుగా కొమ్మకే వేలాడుతుంటాయి. ఒంటిరేకు పూలు తమంతట తామే రాలిపోతాయి. మళ్లీ వెళితే ఒంటిరేకువే తెచ్చుకుంటాను.