కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ – సేవ్ సీసా చుట్టూ తిరిగే ఆట

2018లో విడుదలైన కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ అనే వీడియో గేమ్‌ను నేను చాలా కాలంగా, మధ్యమధ్య విరామాలతో ఆడుతూనే ఉన్నాను. 1403 నాటి బొహీమియా (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) గురించి, కమ్మరి కొడుకు హెన్రీ గురించి, మంత్రాలూ రాక్షసులూ లేని ఆ లోకం గురించి ఇప్పటికే కావలసినంత మంది రాశారు కనుక ఆ పరిచయమంతా వదిలేస్తున్నాను. ఈ ఆటతో నాకున్న ప్రేమా పేచీ రెండూ ఒకే నియమం దగ్గర మొదలవుతాయి. అది సేవ్ నియమం, అంటే ఆటలో అప్పటిదాకా సాధించినదాన్ని భద్రపరచుకుని, ఓడిపోతే మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టే వీలు గురించిన నియమం.

కోరుకున్నప్పుడల్లా సేవ్ చేసుకునే వీలు ఇందులో లేదు. కథలోని కొన్ని ఘట్టాల దగ్గర ఆట తనంతట తాను సేవ్ చేసుకుంటుంది. సొంత మంచం మీదనో, సత్రంలో అద్దెకు తీసుకున్న మంచం మీదనో నిద్రపోతే సేవ్ అవుతుంది. ఈ రెండూ కుదరనప్పుడు సేవియర్ ష్నాప్స్ అనే సారా సీసా ఒకటి ఖాళీ చేయాలి. ఊరు తగలబడి, కట్టుబట్టలతో బయటపడిన హెన్రీకి మొదట్లో దాని ధర అందనంత ఎత్తులో ఉంటుంది. పైగా అది అచ్చమైన సారాయే కనుక, భయం కొద్దీ వరుసగా తాగితే హెన్రీకి మత్తెక్కి కళ్ల ముందు లోకం ఊగిపోతుంది. జాగ్రత్తకు కూడా ఒక వెల కట్టిన ఆటను నేను అంతకుముందు చూడలేదు.

ఈ నియమం ఆడేవాడి స్వభావాన్నే మార్చేస్తుంది. రాత్రివేళ అడవి దారిలో ఎదురుగా ఇద్దరు మనుషులు కనబడితే, వేరే ఆటలో అయితే ఒకసారి సేవ్ నొక్కి, కత్తి దూసి, ఓడిపోతే మళ్లీ మొదలుపెడతాను. ఇక్కడ మాత్రం గుర్రాన్ని నిలిపి, వాళ్ల చేతుల్లో ఏముందో, దారి పక్కన పొదల్లో ఇంకెవరైనా దాగి ఉన్నారేమో చూసి, చాలాసార్లు వెనక్కి తిరిగి వెళ్లిపోయాను. ఎవరితోనో మాట్లాడేటప్పుడు అబద్ధం అతకకపోతే, అతకలేదన్న సంగతితోనే ముందుకు సాగాలి. మెర్హోయెడ్ అనే పల్లెలో జనం జబ్బున పడినప్పుడు మందు తయారుచేయడంలో ఆలస్యం చేస్తే వాళ్లలో కొందరు నిజంగానే చనిపోతారు. వెనక్కి వెళ్లడానికి దగ్గరలో సేవ్ లేదు కనుక ఆ చావులు హెన్రీ ఖాతాలో అలాగే ఉండిపోతాయి. ఓపెన్ వరల్డ్ ఆటలన్నీ (విశాలమైన లోకంలో ఇష్టం వచ్చినట్టు తిరగనిచ్చేవి) మన నిర్ణయాలకు ఫలితాలుంటాయని ప్రచారం చేసుకుంటాయి గాని, సేవ్ బటన్ చేతిలో ఉన్నంత వరకు ఆ ఫలితాలు మనం ఏరుకునే సరుకుగానే మిగులుతాయి.

మిగతా మంచి గుణాలను త్వరగా చెప్పి ముందుకు పోతాను. దాదాపు 16 చదరపు కిలోమీటర్ల మ్యాప్ ఈనాటి లెక్కల్లో చిన్నదే. అయితే అది సాజావా నది పరిసరాల్లోని నిజమైన ప్రాంతాన్ని అనుసరించి గీసినది కావడం వల్ల, బాటలు, పొలాలు, వాగులు ఉండవలసిన చోటే ఉన్నట్టు తోస్తాయి. కొంతకాలానికి మ్యాప్ తెరవకుండానే రాట్టై అనే ఊరి నుంచి తాల్మ్‌బర్గ్ అనే ఊరికి వెళ్లగలిగాను. హెన్రీకి మొదట చదువు రాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు తారుమారై కనిపిస్తాయి, ఉజిట్జ్ అనే పల్లెలోని లేఖకుడి దగ్గర నేర్చుకున్నాక కొద్దికొద్దిగా సర్దుకుంటాయి. రక్తం మరకలతో, స్నానం లేకుండా పెద్దల ముందుకు వెళితే వాళ్లు మొహం చిట్లిస్తారు. ఇవన్నీ అందరికీ నచ్చుతాయని చెప్పలేను గాని నాకు నచ్చాయి.

సేవ్ సీసాను కొనలేనివాడు కాచుకోవాలి. దీనికి నేను పెట్టిన సమయం గురించి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇళ్ల గోడల పక్కన పెరిగే నెటిల్ అనే దురద ఆకును, బెల్లడోనా అనే విషపు మొక్కను వంగి వంగి కోసుకురావాలి. రసవాద బల్ల దగ్గర నిలబడి కుండలో వైన్ పోసి, ఆకు వేసి, తిత్తి ఊది మంట పెంచి, ఇసుక గడియారం తిప్పి, అది ఖాళీ అయ్యేదాకా కుండ వైపు చూస్తూ నిలబడాలి. ఈలోగా రెండో మొక్కను రోట్లో నూరుకోవాలి. తొందరపడితే రసం పాడై, తెచ్చిన సరుకంతా వృథా అవుతుంది. మెనూలో ఒక్క మీట నొక్కితే మందు తయారయ్యే ఆటలకు అలవాటు పడినవారికి ఇది విసుగు పుట్టించవచ్చు. నాకైతే ఇలా కాచుకున్న మొదటి సీసాను వాడడానికి మనసొప్పక చాలా కాలం సంచిలోనే మోశాను. (పూలూ ఆకులూ కోస్తుంటే హెన్రీకి కండబలం పెరిగే ఒక నైపుణ్యం కూడా ఇందులో ఉంది. వాస్తవికత గురించి గొప్పలు చెప్పుకునే ఆటలో పూలు కోసి వస్తాదు కావడం నన్ను ఇప్పటికీ నవ్విస్తుంది.)

అసలు పేచీ ప్రిబిస్లావిట్జ్ దగ్గర మొదలైంది. అది కొండ మీద పాడుబడ్డ ఊరు. శిథిలమైన చర్చి చుట్టూ బందిపోట్లు, కుమన్ తెగకు చెందిన కిరాయి సైనికులు మకాం వేసి ఉంటారు. హెన్రీ పక్షం వాళ్లు ఆ శిబిరంపై దాడి చేయడానికి ముందు అతడు అక్కడికి ఒంటరిగా వెళ్లి, శత్రువులు ఎంతమంది ఉన్నారో చూసి రావాలి. ధైర్యం ఉంటే వాళ్ల వంట కుండల్లో విషం కలపవచ్చు, నిలవ చేసిన బాణాలను తగలబెట్టవచ్చు. అలా చేస్తే తరువాతి యుద్ధం తేలికవుతుంది. నేను లోహ కవచం చప్పుడు చేస్తుందని విప్పేసి, నల్లటి బట్టలు వేసుకుని, చీకటి పడ్డాక కొండ వెనుక వైపు నుంచి ఎక్కాను. కాగడా వెలుగులో ఒక కాపలావాడు గుడారం మూల దాకా వచ్చి, కాసేపు నిలబడి, వెనుదిరిగి వెళ్లేవాడు. అతడు తిరిగిన ప్రతిసారీ నేను పొద నుంచి పొదకు జరిగాను. మొదటి కుండ దగ్గరికి చేరేసరికి చేతులు నిజంగానే చెమట పట్టాయి. సంచిలో ఒకే సీసా మిగిలి ఉంది. దాన్ని ఇప్పుడు తాగాలా, బాణాల దగ్గరికి చేరాక తాగాలా అన్న తర్జనభర్జన ఆ రాత్రి నేను పొందిన అసలైన ఆనందం. తరువాతే తాగుదామని నిశ్చయించుకుని, రెండో కుండలోనూ విషం కలిపి, బాణాల వైపు పాకుతుండగా ఇంట్లో కరెంటు పోయింది.

కరెంటు వచ్చాక చూస్తే ఆట నన్ను సత్రంలో నిద్రలేచిన హెన్రీగా నిలబెట్టింది. పోయిన సమయాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆటల్లో సమయం పోగొట్టుకోవడం కొత్తేమీ కాదు. అసలు నష్టం ఏమిటో రెండోసారి అదే కొండ ఎక్కినప్పుడు తెలిసింది. అదే కాపలావాడు అదే గుడారం మూలకు వచ్చాడు, కాసేపు నిలబడ్డాడు, వెనుదిరిగాడు. కుండలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఏ పొద నుంచి ఏ పొదకు జరగాలో తెలుసు. అతడు ఎంతసేపు నిలబడతాడో కూడా తెలుసు. మొదటిసారి ప్రాణభయం కలిగించిన మనిషి రెండోసారికి గోడ గడియారంలోని లోలకంలా కనిపించాడు. పని చకచకా పూర్తయింది, బాణాలు కాలాయి, యుద్ధం గెలిచాను. కానీ ఆ శిబిరం నాకు మళ్లీ శత్రువుల శిబిరంలా కనిపించలేదు. ఎవరు ఎక్కడ తిరగాలో ముందే గీసిపెట్టిన గీతలే కనిపించాయి.

సేవ్‌ను అరుదుగా ఉంచడంలోని ఉద్దేశం, ప్రతి సంఘటనను ఆడేవాడు ఒక్కసారే అనుభవించాలన్నది. అది నెరవేరినంతసేపు ఈ లోకానికి ఉన్న బరువు మరే ఆటలోనూ నాకు దొరకలేదు. కానీ ఆటకు సంబంధం లేని కారణంతో ఒకసారి తెగిపోతే, అదే నియమం చేసిన పనినే మళ్లీ చేయిస్తుంది, పైగా చాలా వెనుక నుంచి చేయిస్తుంది. ఇష్టం వచ్చినప్పుడు సేవ్ చేసుకునే ఆటలో పునరావృతం ఎక్కువే అయినా అది చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది కనుక లోకం లోపలి యంత్రం ఇంత స్పష్టంగా బయటపడదు. విడుదలైన తరువాత వచ్చిన ఒక ప్యాచ్‌లో (ఆటకు తరువాత చేసే సవరణ) సేవ్ చేసి నిష్క్రమించే వీలు కల్పించారు. రాత్రి ఆలస్యమై పడుకోవలసినవారికి, మధ్యలో పిల్లలు లేచి ఏడ్చే ఇళ్లవారికి అది ఎంతో మేలు చేసింది. ముందుగా చెప్పి పోని కరెంటుకు మాత్రం అది మందు కాదు.

పైన మెచ్చుకున్నదాంట్లో కొంత ఇప్పుడు తగ్గించుకోవాలి. సీసాకున్న విలువ ఆట మొదటి మూడో వంతులోనే ఎక్కువ. ఆ తరువాత హెన్రీ చంపిన బందిపోట్ల కవచాలు అమ్మితేనే సంచి నిండుతుంది. సారా కాచడం చేతికి అలవాటవుతుంది, నైపుణ్యం పెరిగాక ఆ పని దానంతట అదే జరిగేలా కూడా చేసుకోవచ్చు. నా సంచిలో సీసాలు గలగలలాడడం మొదలయ్యాక, ప్రతి మలుపులోనూ ఒకటి తాగి ముందుకు వెళ్లాను. నియమం కాగితం మీద ఉంది గాని దాని కాటు పోయింది. కత్తియుద్ధానిదీ ఇదే కథ. మొదట్లో ఒక తాగుబోతును ఎదుర్కోవడమే గగనంగా ఉంటుంది. రాట్టైలో కత్తివిద్య నేర్పే బెర్నార్డ్ దగ్గర మాస్టర్ స్ట్రైక్ అనే ఎదురుదెబ్బ నేర్చుకున్నాక, ఎదుటివాడు దెబ్బ వేసేదాకా ఆగి, సరైన క్షణంలో మీట నొక్కితే చాలు. శత్రువులు కూడా అదే విద్యను వాడతారు కనుక మనం ముందుగా దాడి చేయడం శిక్షగా మారుతుంది. ఫలితంగా, దిక్కులు మార్చి కత్తి తిప్పడానికి ఇంత చక్కని ఏర్పాటు చేసిన ఆటలో, ద్వంద్వ యుద్ధం ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూస్తూ నిలబడే పనిగా తయారవుతుంది. ముగ్గురు నలుగురు చుట్టుముట్టినప్పుడు చూపు ఒకరి మీదే నిలిచిపోయి, వెనుక ఎవరున్నారో తెలియకపోవడం చివరిదాకా వేధిస్తుంది.

ఇలా సడలిన పట్టు మళ్లీ బిగిసేది ససావు మఠంలో. ఒక మనిషిని వెతకడానికి హెన్రీ అక్కడ కొత్త సన్యాసిగా చేరతాడు. కత్తి, కవచం, వస్తువులు వదులుకుని అంగీ ఒక్కటే తొడుక్కోవాలి. వేళకు ప్రార్థన, వేళకు భోజనం, వేళకు పని. తప్పితే ఒంటరి గదిలో శిక్ష. కూడబెట్టిన ఐశ్వర్యమంతా తలుపు బయటే ఉండిపోవడంతో హెన్రీ మళ్లీ మొదటి రోజుల నాటి బికారి అవుతాడు. రాత్రి వసారాలో కాపలా తిరిగే సన్యాసి అడుగుల చప్పుడు వింటూ గోడకు ఆనుకుని నిలబడినప్పుడు, ప్రిబిస్లావిట్జ్‌లో మొదటిసారి కలిగిన ఉత్కంఠ నాకు తిరిగి దొరికింది. చాలామంది ఈ భాగాన్ని నత్తనడకగా ఉందని తిట్టుకుంటారు. దిక్కు తోచక అటూ ఇటూ తిరిగే సమయం ఎక్కువే, ఆ మాట నిజం. అయినా ఈ ఆటలో ఒక్క భాగాన్నే దాచుకోమంటే నేను దీన్నే దాచుకుంటాను.

కంప్యూటర్ మీద ఆడేవారికి అపరిమితంగా సేవ్ చేసుకునే మాడ్‌లు, అంటే ఆడేవాళ్లే తయారుచేసిన మార్పులు, ఉన్నాయి. రెండోసారి కథ మొదలుపెట్టినప్పుడు అలాంటిదొకటి వేసుకున్నాను. కొద్ది రోజుల్లోనే ప్రతి సంభాషణకు ముందు సేవ్ చేయడం, మాట చెల్లకపోతే వెనక్కి వెళ్లడం అలవాటైంది. రాట్టైలో నా హెన్రీ నోరు విప్పితే ఓడిపోని మనిషి అయ్యాడు, అతడంటే నాకు ఆసక్తి పోయింది. ఇప్పుడు మాడ్‌ను తీసేయలేదు గాని, పెద్ద ఘట్టానికి బయలుదేరేముందు ఒకసారి, వర్షాకాలం రాత్రుల్లో ఇంకొకసారి మాత్రమే వాడుతున్నాను. ఇది నా ఇంటి కరెంటుకు, నాకు దొరికే సమయానికి సరిపోయిన ఏర్పాటు. యూపీఎస్ ఉండి, కూర్చుంటే మూడు నాలుగు గంటలు ఎవరూ కదిలించని వారు మాడ్ జోలికి పోకుండా మొదటి సగమైనా అసలు నియమంతో ఆడి చూడాలని కోరుకుంటాను. రోజుకు ముప్పావుగంట కూడా దొరకనివారికి, ముఖ్యంగా మాడ్‌ల వెసులుబాటు లేని కన్సోల్‌లో ఆడేవారికి, దీన్ని కొనమని ధైర్యంగా చెప్పలేను. 2025లో వచ్చిన రెండో భాగంలోనూ సేవ్ సీసా కొనసాగింది కనుక, మొదటి భాగంలో ఈ నియమం గిట్టనివారు దాన్ని కొనేముందు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి.