‘స్ట్రెస్ రిలీఫ్’ టీ వెనక ‘ములేఠీ’ అని ఉందా? బీపీ ఉన్నవాళ్ళకు ఇవ్వకండి

మార్చి నెలాఖరు పనితో నిద్ర కరువై, ఆన్‌లైన్‌లో ఒక ‘స్ట్రెస్ రిలీఫ్ హెర్బల్ టీ’ తెప్పించాను. 100 గ్రాముల డబ్బా, 549 రూపాయలు. ముందువైపు చామొమైల్ పూలు, తులసి ఆకుల బొమ్మలు. నాకు మరీ తియ్యగా అనిపించి నాలుగు రోజులకే పక్కన పెట్టేశాను. అమ్మకు మాత్రం తెగ నచ్చింది. షుగరున్న మనిషి కదా, ‘చక్కెర వెయ్యకుండానే ఇంత తియ్యగా ఉందేమిటే’ అంటూ పొద్దున ఒకటి, నాలుగింటికి ఒకటి, పడుకునే ముందు ఒకటి తాగేది.

మూడో వారానికి రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయని లేచి కూర్చోవడం మొదలైంది. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. ఇంట్లో మిషన్‌తో చూస్తే బీపీ 170/100. మామూలుగా పై అంకె 130 దాటదు, బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానదు. ఏదో టెన్షన్ పడుతోందనుకుని, ‘ఇంకో కప్పు తాగమ్మా, రిలాక్స్ అవుతావు’ అన్నది నేనే.

కొత్తగా ఏవైనా మందులు మొదలుపెట్టారా అని డాక్టరుగారు అడిగితే ఇద్దరం లేదన్నాం. టీని మందుల్లో ఎవరు లెక్కేస్తారు? రక్తపరీక్షలో పొటాషియం 2.9 వచ్చింది. 3.5 కన్నా తగ్గకూడదట. అప్పుడాయన కషాయాలు, పొడులు, టీలు ఏమైనా తాగుతున్నారా అని విడిగా అడిగారు. ఇంటికి ఫోన్ చేసి డబ్బా ఫొటో తెప్పించి చూపించాను.

వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో మొదటి పేరు ములేఠీ. చామొమైల్ అయిదోది. లేబుల్ మీద దినుసుల్ని బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నదాన్ని ముందు రాయాలి. ములేఠీ అంటే ఏదో ఉత్తరాది మూలిక అనుకున్నాను. తీరా చూస్తే మన అతిమధురం! దగ్గొస్తే బుగ్గన పెట్టుకునే పుల్ల.

దగ్గుకు ఒకటి రెండు రోజులు చప్పరించడం వేరు, వారాల తరబడి రోజుకు మూడు కప్పులు తాగడం వేరు. అందులోని గ్లైసిరైజిన్ చక్కెర కంటే 30 నుంచి 50 రెట్లు తీపి. అదే ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవేసి, పొటాషియాన్ని మూత్రంలో పోగొడుతుంది. అమ్మ బీపీ మాత్రలో నీరు తీసే మందు కూడా ఉంది, అదీ పొటాషియాన్ని తగ్గించేదే. రెండూ తోడయ్యాయి. యూరోపియన్ యూనియన్‌లో అతిమధురం ఒక మోతాదు దాటిన పానీయాల మీద, బీపీ ఉన్నవాళ్ళు ఎక్కువ తీసుకోవద్దని రాసి తీరాలి. మా డబ్బా మీద ‘అన్ని వయసులవారికీ సురక్షితం’ అని ఉంది.

టీ మాన్పించి, పొటాషియం సిరప్ ఇచ్చారు. వాపు రెండు వారాల్లో తగ్గింది, బీపీ దారికి రావడానికి నెల పట్టింది.

అమ్మినవాళ్ళని అడిగితే, ‘నేచురల్ మేడమ్, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు’ అన్నారు. సీలు తీసింది వాపసు తీసుకోరట. నేను రాసిన రివ్యూ ఇంతవరకూ కనిపించలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. డబ్బా పారేయకండి, దాని మీది 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు అవసరం పడతాయి.

అతిమధురాన్నే యష్టిమధు, లికోరైస్, గ్లైసిరైజా గ్లాబ్రా అని కూడా రాస్తారు. మొన్న సూపర్ మార్కెట్లో ఇలాంటివే నాలుగు డబ్బాలు తిప్పి చూస్తే రెండింట్లో ఉంది. ఆన్‌లైన్‌లో అయితే వెనక లేబుల్ ఫొటో పెట్టనివాళ్ళ దగ్గర కొననే వద్దు. అశ్వగంధ ఉన్న టీలైతే, థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకండి.

అమ్మకిప్పుడు కుండీలోంచి నాలుగు తులసాకులు తుంచి వేణ్ణీళ్ళలో వేసిస్తున్నాను. చప్పగా ఉందని రోజూ సణుగుతూనే తాగుతోంది.